తెలుగు ఇళ్లలో గ్రామఫోను రికార్డు

ఎమిల్ బెర్లినర్ 1887లో గ్రామఫోనుకు పేటెంటు పొందాడు. అంతకు పదేళ్ల ముందే ఎడిసన్ ఫోనోగ్రాఫు పలికింది గానీ, అందులో శబ్దం గొట్టం చుట్టూ చెక్కి ఉండేది. ఒక గొట్టం నుంచి వేల ప్రతులు తీయడం కష్టం. బెర్లినర్ పలక చదునైనది కాబట్టి, ఒకసారి లోహపు మూస తయారైతే ఎన్ని ప్రతులైనా అచ్చు వేయవచ్చు. పాట అంగడి సరుకైంది ఈ వెసులుబాటు వల్లనే.

ఆ సరుకు భారతదేశానికి త్వరగానే వచ్చింది. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. అవి జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి ఓడల మీద తిరిగొచ్చేవి. పాట చివర ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పడం ఆనాటి రికార్డుల్లో వినిపిస్తుంది. ఏ పలకకు ఏ లేబుల్ అంటించాలో హానోవర్ పనివాళ్లకు తెలియడానికి చేసిన ఏర్పాటది. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ఈ ప్రయాణం తప్పింది. 1920ల చివర ఆ పని డమ్‌డమ్‌కు మారింది. రికార్డుకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. అది ఛోటానాగపూర్ అడవుల్లో పండుతుంది, ప్రపంచంలోని రికార్డు కంపెనీలకు ఎక్కువగా భారతదేశం నుంచే వెళ్లేది. లక్కలో మెత్తటి రాతిపొడి, మసి కలిపి వేడి మీద అచ్చు వేసేవారు. ఆ పలక బరువుగా ఉండేది, కింద పడితే ముక్కలయ్యేది.

తెలుగు పాట రికార్డయ్యే చోటు మద్రాసు. తర్వాత సినిమా నిర్మాతగా పేరుపొందిన ఎ.వి. మెయ్యప్ప చెట్టియార్ కూడా మొదట రికార్డుల వ్యాపారే. ఆయనా భాగస్వాములూ 1932లో స్థాపించిన సరస్వతీ స్టోర్స్ ఓడియన్ లేబుల్ మీద దక్షిణాది రికార్డులు తెచ్చింది. ఆ తొలి రోజుల్లో తెలుగువారు ఇష్టపడి కొన్నవి నాటక పద్యాలు. కపిలవాయి రామనాథశాస్త్రి, పువ్వుల రామతిలకం వంటి రంగస్థల నటులు 'రికార్డులు ఇచ్చారు' అంటే ఊరూరా ఆ కబురు పాకేది. 1925 ప్రాంతంలో మైకు వచ్చేదాకా ఏ గాయకుడైనా పెద్ద కొమ్ము ముందు నిలబడి గొంతెత్తి పాడాల్సిందే. పందిట్లో చివరి వరసకు వినిపించేలా పాడే నటుల గొంతులు అలాంటి యంత్రానికి సరిగ్గా సరిపోయేవి. మైకు రాకతో సన్నటి, మెత్తటి గొంతులకు కూడా చోటు దొరికింది. లలిత గీతం పుట్టడానికి ఆ మార్పు పెద్ద ఆధారం.

పది అంగుళాల రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. రంగస్థలం మీద ఒక్క పద్యానికే రాగం సాగదీసి వన్స్‌మోర్లు కొట్టించుకునే నటుడు ఆ మూడు నిమిషాల్లోనే రాగమూ పద్యమూ ముగింపూ ఇమడ్చాలి. కచేరీ విద్వాంసులకూ ఇదే ఇబ్బంది. కీర్తనలో నెరవు, స్వరకల్పన చాలావరకు రికార్డుకెక్కకుండా పోయాయి. ఇది నష్టమే. అయినా ఆ బిగింపు వల్ల ఒక మేలు జరిగింది. రాగస్వరూపాన్ని మొదటి రెండు మూడు పలుకుల్లోనే చూపించే నేర్పు గాయకులకు అలవడింది. ఆ పద్యాలు ఇవాళ విన్నా ఒక్క స్వరం వృథాగా పోయినట్టు అనిపించదు. తెలుగు సినిమా పాట చాలాకాలం మూడు, మూడున్నర నిమిషాల దగ్గరే ఆగడానికీ మూలం ఈ 78 రికార్డే.

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు టాకీ మొదలయ్యాక సినిమా పాట మెల్లగా పద్యాన్ని పక్కకు నెట్టింది. తొలి టాకీల కాలంలో సినిమాలో పాడిన పాటను రికార్డు కోసం విడిగా మళ్లీ పాడించడం మామూలు. ఫిలిం శిథిలమై మాయమైన సినిమాల విషయంలో ఇలా విడిగా పాడిన రికార్డే మిగిలిన సాక్ష్యం. సినిమాతో సంబంధం లేని 'ప్రైవేటు పాటలు' కూడా అప్పుడు బాగా నడిచాయి. కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలు పుస్తకం చదవని వారి నోటికీ రావడానికి ఘంటసాల రికార్డే కారణం.

కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను అందరూ కొనగలిగే వస్తువు కాదు. ఊళ్లో ఒకటి రెండు ఇళ్లలో ఉంటే చుట్టుపక్కల వాళ్లు అరుగు మీద చేరి వినేవారు. ఉక్కు ముల్లు ఒకటి రెండు వైపులకే అరిగిపోయేది, మార్చకపోతే రికార్డే పాడయ్యేది. తర్వాత మైకుసెట్ల వాళ్లు పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ రికార్డుల పెట్టెతో వచ్చి, చెట్టుకు లౌడ్‌స్పీకరు కట్టి ఊరంతటికీ వినిపించారు. రికార్డు మీద వచ్చే సినిమా పాటకు వేదిక మీద ఆడే ఆట 'రికార్డు డాన్సు' అయింది. రికార్డులు పోయి ఎంతో కాలమైనా ఆ పేరు పోలేదు.

1948లో కొలంబియా కంపెనీ అమెరికాలో ఎల్పీ తెచ్చింది. లక్క బదులు వినైల్ అనే ప్లాస్టిక్కు, సన్నటి గాడి, నిమిషానికి 33⅓ చుట్లు. ఒక వైపు 20 నిమిషాలకు పైగా పడుతుంది, సులభంగా పగలదు. మరుసటి ఏడు ఆర్‌సీఏ విక్టర్ 45 చుట్ల చిన్న రికార్డు విడుదల చేసింది. తెలుగు నేలలో ఎల్పీ విలువ తెలిసింది సినిమా పాటలతో కాదు, నిడివి కోరే రచనలతో. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్పీగా వచ్చింది. 78 మీద అదే సుప్రభాతం ముక్కలుగా తెగిపోయేది. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో కన్నుమూశాక విడుదలైన భగవద్గీత, తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల కూడా ఈ కోవలోవే. సినిమా సంభాషణల రికార్డులు మరో విశేషం. 'దానవీరశూరకర్ణ' సంభాషణలు ఒక తరానికి కంఠతా వచ్చింది సినిమా హాల్లోనే కాదు, రికార్డుల వల్ల కూడా.

ఫిలిప్స్ 1963లో ప్రవేశపెట్టిన క్యాసెట్టు 1980లలో భారతదేశమంతా కమ్మేసింది. రేడియో, టేపు రికార్డరు కలిసిన టూ-ఇన్-వన్ ఉన్న ప్రతి ఇల్లూ తనకు కావలసిన పాట తానే రికార్డు చేసుకోగలిగింది. వీధి చివర రికార్డింగు సెంటర్లో కాగితం మీద పాటల జాబితా రాసిస్తే 60 లేదా 90 నిమిషాల ఖాళీ క్యాసెట్టు నింపి ఇచ్చేవారు. రికార్డు కంపెనీ అనుమతి అక్కర్లేకుండానే రికార్డయిన పాట జనంలోకి విస్తారంగా వెళ్లింది. గద్దర్ పాటలు పల్లెపల్లెకూ చేరడంలో క్యాసెట్టు పాత్ర ఎంతో ఉంది. కానీ నకలుకు నకలు తీసేకొద్దీ నాణ్యత పోతుంది, టేపు సాగుతుంది, బూజు పడుతుంది. 1982లో వచ్చిన సీడీకి ఆ బాధ లేదు. ఎంపీ3 వచ్చాక ఒక్క సీడీలో వంద పాటలకు పైగా ఇమిడాయి. 2016లో జియో మొబైల్ డేటా ధరలు పడగొట్టాక సీడీ అవసరం కూడా తీరింది. ఇప్పుడు ఎక్కువమంది పాటను కొనరు, యాప్‌లలో నెట్ ద్వారా తెప్పించుకుని వింటారు.

శబ్దం విషయంలో రికార్డే మేలని చాలామంది అభిమానంతో అంటారు. కొలతలు అలా చెప్పవు. అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య సీడీ 96 డెసిబెల్స్ తేడా చూపగలదు, ఎల్పీ 70 దాటడం అరుదు. పలక తిరిగే వేగం మారదు కనుక, లోపలి చుట్లలో గాడి పొడవు తగ్గి చివరి పాటలో హెచ్చు స్వరాలు మసకబారుతాయి. తిప్పిన ప్రతిసారీ గాడి అరుగుతుంది. మరి కొన్ని పాత ఎల్పీలు అదే సంగీతం ఉన్న సీడీల కన్నా హాయిగా ఎందుకు వినిపిస్తాయి? 1990ల నుంచి చాలా సీడీలను వీలైనంత గట్టిగా మోగేలా తయారుచేశారు. హెచ్చుతగ్గులు చదునైపోయాయి. దోషం ఆ తయారీది, సీడీది కాదు. 128 కిలోబిట్ల ఎంపీ3లో సీడీ సమాచారంలో పదకొండో వంతే మిగులుతుంది. దాన్ని విని డిజిటల్ అంటే ఇంతే అనుకోవడం కూడా సరికాదు.

రికార్డు నిజంగా గెలిచేది మరోచోట. పలక మీద పాడినవారి పేరు, కంపెనీ, కేటలాగు నంబరు ఉంటాయి. లేబుల్ పక్కన గీసిన మాట్రిక్స్ నంబరును బట్టి ఆ పాట ఏ కాలంలో రికార్డయిందో పరిశోధకులు తేలుస్తారు. యాప్‌లలో పాత తెలుగు పాటలకు గేయరచయిత పేరే చాలాసార్లు కనిపించదు. యాప్‌కూ పాట హక్కుదారుకూ మధ్య ఒప్పందం ముగిస్తే ఆ పాటే మాయమవుతుంది. ఇంట్లో ఉన్న పలకను ఎవరూ తిరిగి తీసుకోలేరు. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు పదుల వేల 78 రికార్డులు సేకరించకపోతే తెలుగు సంగీత చరిత్రలో ఎన్నో పుటలు ఖాళీగా మిగిలేవి. అమెరికాలో 2022లో అమ్ముడైన ఎల్పీల సంఖ్య 1987 తర్వాత మొదటిసారి సీడీలను దాటింది. అక్కడ రికార్డు మళ్లీ మోజు వస్తువైంది. ఇక్కడ మాత్రం పాతవి అటకల మీదే పగిలిపోతున్నాయి.

మన దేశ కాపీరైటు చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు మీద హక్కు అది వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. తెలుగు 78లు చాలావరకు ఆ గడువు దాటాయి, సాహిత్యం మీద రచయిత హక్కు వేరే లెక్క. వాటిని డిజిటల్ చేయడంలో జాగ్రత్త అవసరం. పాత రికార్డులన్నీ కచ్చితంగా 78 చుట్లకే చేసినవి కావు. వేగం తప్పితే శ్రుతి తప్పుతుంది. ఎల్పీ ముల్లు 78 గాడికి సన్నం, దానికి వేరే ముల్లు వాడాలి. ఇంట్లో లక్క రికార్డులున్నవారు వాటిని స్పిరిటుతో తుడవకూడదు, లక్క కరిగిపోతుంది. ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలువుగా, ఎండ తగలని చోట ఉంచి, లేబుల్ మీది వివరాలు రాసిపెట్టి, సరైన పరికరాలున్న సేకర్తకో గ్రంథాలయానికో చూపించాలి. పాత సామాన్ల వాడికి మాత్రం వేయకండి.