ఎదురుచూపుల పట్టాలు

కిందటి వేసవి సెలవులకు బెజవాడ వచ్చిన మా మనవడు, వాడి తండ్రి ఏనాడో కొని దాచుకున్న రైలాటను వెతికి పట్టుకుని కంప్యూటరులో బతికించాడు. మైక్రోసాఫ్టు వారు 2001లో విడుదల చేసిన ట్రెయిన్ సిమ్యులేటర్ అది. తెర మీద ఇంజను గది, ఎదుట పట్టాలు, చేతి కింద మీటలు. బండిని వేళకు కదిలించాలి, సిగ్నలు చూసుకోవాలి, స్టేషనులో ఆపవలసిన చోట ఆపాలి. అంతే ఆట. చంపుకోవడాలు, నరుక్కోవడాలు లేవు. నాకు నచ్చింది.

అందులో ఆరు మార్గాలున్నాయి. రెండు అమెరికావి, ఒకటి ఇంగ్లండుది, ఒకటి ఆస్ట్రియాది, మిగిలిన రెండూ జపానువి. జపాను వాటిలో ఒకటి టోక్యో నుంచి హకొనె కొండల వైపు పోయే ఒడాక్యూ లైను, రెండవది క్యూషూ దీవిలోని హిసాత్సు లైను. మనవడు ఈ రెండవదానికి దాసుడు. ఒకోబా అనే చోట పట్టాలు కొండను చుట్టుకుంటూ ఎక్కుతాయి. ఆ చుట్టు నడుమనే బండి ఒకసారి వెనక్కు నడిచి, మళ్ళీ ముందుకు సాగాలి. వాడు దానిని పదిసార్లు ఎక్కించి, హఠాత్తుగా నా వైపు తిరిగి, "తాతయ్యా, మన బందరు లైను ఇందులోకి ఎప్పుడొస్తుంది?" అన్నాడు.

"అసలు బందరుకే రైలు ఎప్పుడొచ్చిందో తెలుసురా నీకు?" అన్నాను. వాడికి తెలియదు. నిజం చెప్పవద్దూ, ఆ క్షణాన నాకూ సంవత్సరం నోటికి రాలేదు. ఆ రాత్రి అటక మీది పుస్తకాలు దింపాను. దాని ఫలమే ఈ వ్యాసం.

రైలుమార్గపు చరిత్ర అనగానే ప్రారంభోత్సవాల తేదీల పట్టిక అనుకుంటాము. ఆ తేదీకి ముందు జనం ఎదురు చూసిన ఏళ్ళు పట్టికలోకి ఎక్కవు. అసలు కథ అక్కడే ఉంది.

బందరు సంగతే చూడండి. డచ్చి వారు 1605లోను, ఇంగ్లీషు కంపెనీ వారు 1611లోను అక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. అప్పటికి బెజవాడ ఒక పుణ్యక్షేత్రం, ఒక రేవు, అంతే. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరులో ముప్పైవేల ప్రాణాలను మింగింది. ఆ ఊరు మళ్ళీ పూర్వవైభవం ఎరుగలేదు. ఇటు బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయి, కాలువలు సాగి, డెల్టా పచ్చబడింది. ఆ కాలువలే అప్పటి రహదారులు కూడాను. బందరు కాలువలో పడవలు, గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగే మనుషులు. ఆ పిమ్మట 1889లో నిజాము రైల్వే సికింద్రాబాదు నుంచి బెజవాడ చేరింది. 1899లో మద్రాసుతో బ్రాడుగేజి కలిసింది. నలుదిక్కుల బండ్లూ బెజవాడలో కూడుకున్నాయి.

మరి బందరుకు? 1908లో. అంటే బెజవాడలో నిజాము బండి కూత విన్న పందొమ్మిదేళ్ళకు. అదీ మీటరుగేజి. పిమ్మట 1928లో గుడివాడ నుంచి భీమవరానికి మరొక కొమ్మ సాగింది. ఈ దారులన్నీ తరువాతి కాలంలో బ్రాడుగేజిగా మారాయి. ఒకప్పుడు ఓడలు ఎక్కి దేశాలు దాటి వచ్చిన వర్తకుల ఊరు, ఎనభై కిలోమీటర్ల దూరాన ఉన్న జంక్షను కోసం ఒక తరం పాటు కళ్ళు కాయలు కాచేలా చూసింది.

తెలుగు పండితుడి బుద్ధి ఎక్కడికి పోతుంది? నాకు అష్టవిధ నాయికలు గుర్తుకు వచ్చారు. ప్రియుడు వస్తాడని నమ్మి ఇల్లు సర్దుకుని కూర్చున్నది వాసకసజ్జిక. వేళ మించిపోయి బెంగపడుతున్నది విరహోత్కంఠిత. సంకేతస్థలానికి పోయి, అతడు రాక, మోసపోయినది విప్రలబ్ధ. భర్త దేశాంతరం పోగా దినాలు లెక్కపెట్టుకునేది ప్రోషితభర్తృక. మన డెల్టా ఊళ్ళను ఈ వరసలో నిలబెట్టి చూస్తే ఒక్కటీ మిగలదు.

విరహోత్కంఠిత ఎవరంటే మళ్ళీ బందరే. కృష్ణకు ఇవతల బందరు దగ్గర పట్టాలు ఆగిపోతాయి. అవతల తెనాలి నుంచి వచ్చిన పట్టాలు 1916 నుంచీ రేపల్లెలో ఆగి ఉన్నాయి. రెంటికీ నడుమ దివిసీమ, కృష్ణానది. పులిగడ్డ, పెనుమూడి నడుమ రోడ్డు వారధి వచ్చి బస్సులు తిరుగుతున్నాయి. రైలులో పోదలచినవాడు మాత్రం బందరు నుంచి గుడివాడ మీదుగా బెజవాడ చేరి, తెనాలి వెళ్ళి, అక్కడి నుంచి రేపల్లె రావాలి. రమారమి నూటనలభై అయిదు కిలోమీటర్లు! ఈ రెండు కొసలనూ కలపమని అడగడం ఇవాళ్టిది కాదు. నేను ఉద్యోగంలో చేరిన నాటికే పెద్దలు ఆ మాట అనుకుంటూ ఉండేవారు.

ప్రోషితభర్తృకను చూడాలంటే పొరుగున ఉన్న గోదావరి డెల్టాకు పోవాలి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో నలభై అయిదు కిలోమీటర్ల దారి వేశారు. రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. 1940లో ఆ పట్టాలను పెకలించి యుద్ధావసరాలకు పట్టుకుపోయారు. పెనిమిటి యుద్ధానికి పోయిన ఇల్లాలి కథలు విన్నాము గాని, పట్టాలే యుద్ధానికి పోయిన ఊళ్ళ కథ ఎంతమందికి తెలుసు? ఆ దారి మళ్ళీ 2004లో గాని తెరుచుకోలేదు. అరవైనాలుగేళ్ళు! మొదటి బండి చూసిన పిల్లలు మనవలనెత్తుకుని రెండవ బండి చూశారన్నమాట.

ఆ దారి కోసం, దానిని కోటిపల్లి నుంచి కోనసీమ మీదుగా నరసాపురానికి పొడిగించడం కోసం పట్టుపట్టినవారు అమలాపురం ప్రతినిధి, లోక్‌సభ సభాపతి జి.ఎం.సి. బాలయోగి. కోటిపల్లి–నరసాపురం మార్గం 2000–01లో మంజూరయింది. 2002 మార్చి 3న ఆయన ప్రయాణిస్తున్న హెలికాప్టరు కూలింది. ఎక్కడ? కైకలూరు దగ్గర. గుడివాడ–భీమవరం లైను మీది మన కైకలూరే. తన సీమకు రైలు కోరినవాడు మరొక రైలుదారి చెంత నేలకొరిగాడు. కోటిపల్లికి తిరిగి వచ్చిన బండిని ఆయన చూడలేదు. అక్కడి నుంచి నరసాపురానికి నడవవలసిన బండి నేటికీ నడవలేదు. మధ్యన గౌతమి, వైనతేయ, వశిష్ఠ. మూడు పాయలకూ మూడు వంతెనలు కావాలి.

ఇదంతా మనవడికి చెబితే, "ఆటల వాళ్ళూ ఇలాగే ఎదురు చూశారు తాతయ్యా" అన్నాడు. వాడు చెప్పినది ఇది. ఈ ఆటకు రెండవ భాగం వస్తుందని 2003లో ప్రకటించి 2004లో విరమించారట. 2007లో మళ్ళీ ప్రకటించి 2009లో మళ్ళీ విరమించారట. విప్రలబ్ధలు అక్కడా ఉన్నారన్నమాట! జపాను లైన్ల మీద మోజున్నవారి నిరీక్షణ మరీ పొడుగు. చివరకు 2022లో తూర్పు జపాను రైల్వే సంస్థే, డ్రైవర్ల శిక్షణకు వాడుకునే పరికరాన్ని ఆధారం చేసుకుని, నిజమైన దారుల చలనచిత్రాలతో ఒక ఆటను బయటపెట్టింది.

మొదట నవ్వుకున్నాను. రైలు లేక ఊరు ఎదురు చూడడమూ, ఆటలో లైను లేదని ఎదురు చూడడమూ ఒకటేనా అని. బిడ్డను ఆసుపత్రికి చేర్చవలసిన తల్లి నిరీక్షణకు, కుర్చీలో కూర్చున్నవాడి నిరీక్షణ సాటి రాదు. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కాని తరువాత వాడు చూపినది నా నవ్వును ఆపింది.

ఆటలోని హిసాత్సు లైను నేల మీద ఇప్పుడు మూగపోయి ఉంది. యత్సుషిరో నుంచి హితోయోషి వరకు ఆ దారి 1908లో తెరిచారు, సరిగ్గా మన బందరు లైను పుట్టిన ఏడే. కొండ ఎక్కే భాగం మరుసటి ఏడు పూర్తయింది. 2020 జూలైలో కుమా నది పొంగి, ఆనాటి ఇనుప వంతెనను కొట్టుకుపోయింది. ఆ దారిన బండ్లు నిలిచిపోయాయి. అక్కడి ఊళ్ళూ ఇప్పుడు ప్రోషితభర్తృకలే. బెజవాడలో ఒక కుర్రవాడు మాత్రం ఒకోబా కొండ మీద వేళ తప్పకుండా బండి నడుపుతున్నాడు. ఆట కోసమని ఎవరో ఆ దారి మలుపు మలుపునూ చూసి రాసిపెట్టుకోబట్టే కదా అది దక్కింది!

మనకు కొత్త కబురు కూడా ఉంది. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల మార్గానికి 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2,245 కోట్ల రూపాయల పని. కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన అందులో భాగం. వాసకసజ్జిక స్థానం ఖాళీగా లేదన్నమాట.

ఆ పాత ఆటలోనే కొత్త దారులు వేసుకునే పనిముట్టు ఒకటి ఉందట. సెలవులు ముగిసేలోగా వాడు కాగితం కలం పట్టుకుని నా దగ్గర కూర్చున్నాడు. నేను చెబుతూ పోయాను. రామవరప్పాడు, నిడమానూరు, ఉప్పులూరు, ఇందుపల్లి, గుడివాడ. గుడివాడ దాటాక గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, కలంకారీ అద్దకాల పెడన, గిల్టునగల చిలకలపూడి, బందరు. ఏ స్టేషనులో ఏ చెట్టు ఉండేదో కూడా చెప్పాను. కొన్ని ఇప్పుడు లేవు.

అంతా రాసుకుని, "బందరు తరువాత పెనుమూడి దగ్గర వంతెన కూడా వేసేదా తాతయ్యా? రేపల్లెకు కలిపేస్తాను" అన్నాడు. వాడికది అరగంట పని.

వద్దన్నాను. ముందు ఉన్నదానిని ఉన్నట్టు వెయ్యమన్నాను. పెనుమూడి రేవును ఖాళీగా ఉంచమన్నాను. నిజం బండి అక్కడ నది దాటిన రోజున నేను ఉంటే, నేనే కబురు చేస్తాను. లేకపోతే వాడే చూసుకుని ఆ వంతెన వేసుకుంటాడు.

మిత్రులలో బందరు, దివిసీమ, రేపల్లె వైపు వారున్నారని తెలుసు. మీటరుగేజి నాటి బండి ఎక్కిన పెద్దలు మీ ఇళ్ళలో ఉంటే, వారిని ఇప్పుడే అడిగి రాసిపెట్టండి. నేను మా నాన్నగారిని అడగలేదు.