రాగిసంగటి - వరి అన్నం - పేగు క్యాన్సరు

పదహారో శతాబ్దపు కన్నడ కవి కనకదాసు ‘రామధాన్య చరిత్రె’ అనే చిన్న కావ్యం వ్రాశాడు. అందులో వరికీ రాగికీ యెవరు గొప్ప అన్న తగవు వస్తుంది. రాముడు రెంటినీ ఆరునెలలు చెరలో పెట్టిస్తాడు. వరి చెడిపోతుంది, రాగి నిలుస్తుంది. అది వరి తినేవారికీ రాగి తినేవారికీ మధ్య నున్న తగవని వేరే చెప్పనక్కరలేదు. కన్నడ సరిహద్దుకు దగ్గరలో వున్న మా బి.కొత్తకోట ప్రాంతంలో యీ తగవు యింకా తీరలేదు.

మా మేనమామ హార్సిలీకొండ కింది పల్లెలో సేద్యం చేసేవాడు. మలంలో నెత్తురు కనిపిస్తే మొలలనుకున్నాడు. సిగ్గుపడి యెవరికీ చెప్పక, నాటుమందుతో యేడాది గడిపాడు. చివరకు పెద్దపేగు క్యాన్సరని తేలింది. అప్పటికే పదేళ్లుగా చక్కెర జబ్బు వున్నది. చూడవచ్చిన బంధువులు, “నోరు కట్టుకోలేదు, అనుభవిస్తున్నాడు” అన్నారు. ఆ నోటికి యేది అందిందో, యేది అందలేదో విచారించకుండా నోటిని తప్పుపట్టడం న్యాయమేనా?

ముందు శాస్త్రం చెప్పేది చూద్దాం. చేతులూ, పాదాలూ, దవడా అదేపనిగా పెరిగే వ్యాధికి 1886లో ఫ్రెంచి వైద్యుడు పియేర్ మారీ ‘అక్రోమెగలీ’ అని పేరు పెట్టాడు. మెదడు అడుగున వున్న పిట్యూటరీ గ్రంథి పెరుగుదల హార్మోనును అతిగా వదలడమే దానికి కారణమని తరువాత తేలింది. ఆ రోగుల పెద్దపేగులో బుడిపెలు యెక్కువగా కనిపించాయి. యీ హార్మోను చాలా పనులు కాలేయంలో తయారయ్యే మరో పదార్థం ద్వారా చేయిస్తుంది. 1957లో దాని జాడ దొరికింది. ఇన్సులిన్‌ను పోలి వున్నందున తరువాత ‘ఐ.జి.ఎఫ్.-1’ అనే పేరు వచ్చింది. కణాలను విభజించి పెంచడం, వాటి చావును ఆపడం దాని పని.

అక్రోమెగలీ అరుదైన జబ్బు. ఐతే నడుము చుట్టూ కొవ్వు చేరి, ఇన్సులిన్ మాట శరీరం విననప్పుడు, క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. అది పేగు కణాలను తానే పెంచుతుంది, ఐ.జి.ఎఫ్.ను కట్టివుంచే ప్రోటీన్లను తగ్గించి దానికీ దారి యిస్తుంది. చక్కెర జబ్బు వున్నవారికి పెద్దపేగు క్యాన్సరు ముప్పు సుమారు పావువంతు అధికమని పరిశోధనలు చూపాయి. వారందరికీ క్యాన్సరు వస్తుందని దీని అర్థం కాదు. పీచు నిండిన తిండి తినే ఆఫ్రికా పల్లెల్లో యీ క్యాన్సరు అరుదన్న సంగతిని 1971లో డెనిస్ బర్కిట్ యెత్తిచూపాడు.

మరి చక్కెర జబ్బు మా మెట్టపొలాలకు యెట్లా వచ్చింది? వెనుక మా వైపు పేదల తిండి రాగిసంగటి. వరి అన్నం పండుగనాటి మాట. వేరుశనగ, ఆ తరువాత టమాటా వచ్చి రాగిచేను తరిగింది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఆకలి తీర్చింది, పేదవాడి కంచానికి గౌరవం తెచ్చింది. తిరగలి దగ్గర చేతులు పడిపోయిన ఆడవాళ్లెవరూ పాతరోజులు తిరిగి రావాలని కోరరు. కాబట్టి ఆ పథకాన్ని నిందించేవారితో నేను యేకీభవించలేను. లోపం వేరేచోట వున్నది. తవుడు పోయిన బియ్యం చౌకగా దొరికిన యింట పప్పూ, కూరగాయలూ, రాగులూ అంత చౌకగా దొరకలేదు. పైగా, తల్లి కడుపులో అర్ధాకలితో పెరిగిన బిడ్డ పెద్దయినాక చక్కెర జబ్బుకు సులువుగా లొంగుతుంది. కరువుసీమలో అటువంటి బిడ్డలకు కొదవ లేదు.

దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర జబ్బు వున్నదని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో ప్రకటించింది. అదే సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. నగరాల దుకాణాల్లో రాగిపిండి అందమైన పొట్లాల్లోకి యెక్కింది. పేదవాడు సిగ్గుపడి విడిచిన తిండిని ధనికుడు ఆరోగ్యం పేరిట కొనుక్కుంటున్నాడు. కనకదాసు తీర్పు యిట్లా అమలవుతుందని యెవరనుకున్నారు?

రాగీ పప్పూ పేదవాడికి అందే ధరకు రావాలని అడగడం మన పని. సిగ్గును పోగొట్టడం కూడా మన పనే. పేగులోని బుడిపె క్యాన్సరుగా మారడానికి సాధారణంగా పదేళ్ల వరకు పడుతుంది. ఆలోగా కనిపెడితే తీసివేయవచ్చు. మా మామకు ఆపరేషను జరిగింది. యిప్పుడు రచ్చబండ దగ్గర కూర్చుని, “నెత్తురు పడితే దాచుకోవద్దండ్రా, నా మాదిరి యేడాది పోగొట్టుకోవద్దండి” అని వచ్చిపోయేవారికి చెబుతున్నాడు.