డిక్కీ మూత కాదు, తలుపు

మొన్నామధ్య కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే, వెనకనుంచి ఓ ఆటో వచ్చి నా కారుకి మెల్లిగా తగిలింది. దిగి చూస్తే బంపర్ మీద రెండు గీతలు, కుడివైపు చిన్న సొట్ట. "ఏం కాలేదన్నా" అన్నాడు ఆటో అతను. నాకూ అలాగే అనిపించింది. (ఆఫీసుకి లేటవుతుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది లెండి.)

వారం తిరక్కుండానే సంగతి తెలిసింది. డిక్కీ మామూలుగా వేస్తే పడటం లేదు, ధన్‌మని బాదాల్సొస్తోంది. కుడివైపు సందులో చిటికెన వేలు దూరుతోంది, ఎడమవైపు గోరు కూడా దూరట్లేదు. వాన పడ్డ మర్నాడు స్టెప్నీ గుంటలో నీళ్లు. మొదట వెళ్లిన షెడ్డులో కింద ఉండే కొక్కేన్ని కాస్త జరిపి మూడొందలు తీసుకున్నారు. డిక్కీ పడింది, నీళ్లు మాత్రం ఆగలేదు. మా భాషలో చెప్పాలంటే బగ్ ఎక్కడుందో చూడకుండా ఎర్రర్ మెసేజ్ కనబడకుండా చేశారన్నమాట.

రెండో షెడ్డులో ఓ పెద్దాయన డిక్కీ పైకెత్తి, పురికొస తీసుకుని ఆ ఖాళీని ఐమూలగా రెండువైపులా కొలిచాడు. రెండు కొలతలూ కలవలేదు. "డిక్కీ మంచిగనే ఉంది సార్, దర్వాజనే గుంజుకపోయింది" అన్నాడు. అంటే తలుపు బాగానే ఉంది, ద్వారబంధమే వంకరపోయిందని.

నేనేమో అప్పటిదాకా దాన్ని మూత అనుకుంటున్నాను. ఆయన తలుపు అంటున్నాడు. ఎవరు కరెక్టో చూద్దామని చరిత్ర తిరగేస్తే, పెద్ద పెద్ద ప్రభుత్వాలు కూడా చాలా ఏళ్లు నాలాగే పొరపడ్డాయని తెలిసింది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. డిక్కీ మనం పెట్టిన పేరు కాదు. గుర్రబ్బండ్ల రోజుల్లో బండికి వెనక విడిగా ఉండే సీటుని ఇంగ్లీషు వాళ్లు అలా పిలిచేవారు. 1920లు, 30లలో వచ్చిన ఇద్దరు కూర్చునే కార్లకి వెనక ఒక మడత సీటు ఉండేది. మూత తీస్తే సీటు, వేస్తే నున్నటి రేకు. పైకప్పు ఉండదు, ఎండైనా వానైనా అందులో కూర్చున్నవాడి ఖర్మ. కాలక్రమంలో ఆ సీటు పోయి, అక్కడ సామాన్లు పెట్టుకోవడం మొదలైంది. ఇంగ్లండులో ఆ చోటుకి బూట్ అనే పేరు స్థిరపడింది. మనం మాత్రం పాత పేరే ఉంచుకున్నాం. అంటే డిక్కీ పుట్టుకలోనే మనిషి కూర్చునే చోటు!

ఇక ద్వారబంధం సంగతి. తొలిరోజుల్లో కారంటే ఒక ఇనప చట్రం, దానిమీద బోల్టులతో బిగించిన పెట్టె. బరువంతా కింది చట్రం మోసేది. 1922లో ఇటలీ కంపెనీ లాన్చియా తన లాంబ్డా కారులో విడి చట్రం తీసేసి, బాడీనే బరువు మోసేలా చేసింది. 1934లో సిత్రోయెన్ ట్రాక్సియోన్ అవాన్ ఆ పద్ధతిని పెద్దఎత్తున ఉత్పత్తిలోకి తెచ్చింది. రేకులన్నీ వెల్డింగుతో కలిసి ఒకే డొప్ప. (అన్నట్టు, మన అంబాసిడర్‌కి కింద లారీలాంటి ఛాసిస్ ఉండేదనుకుంటారు చాలామంది. దానిదీ ఇలాంటి బాడీనే.)

దీనివల్ల కారు తేలికయింది, గట్టిపడింది. కానీ ఒక చిక్కొచ్చింది. బరువు మోసే డొప్పకి కన్నం పెడితే అది బలహీనపడుతుంది. కారు వెనక మొత్తం తెరుచుకోవాలంటే అంత పెద్ద కన్నం పెట్టాల్సిందే. దాని చుట్టూ ఉన్న రేకులే ఆ బలహీనతని కాచుకోవాలి. ఆ రేకులే మన పెద్దాయన చెప్పిన దర్వాజ. బంపర్ వెనక దెబ్బ తగిలితే అది డిక్కీ దాకా పాకేది వీటి గుండానే.

అయినా జనానికి వెనక తలుపు కావాల్సొచ్చింది. 1938లో అదే సిత్రోయెన్ కారుకి వెనక పూర్తిగా తెరుచుకునే రకం ఒకటి తీశారు. ఎవరి కోసమంటే, మాంసం, రొట్టెలు, కిరాణా సరుకులు మోసుకునే చిన్న వ్యాపారుల కోసం. 1961లో రెనో 4, 1965లో రెనో 16 వచ్చి ఆ తలుపుని కుటుంబాల దగ్గరికి తెచ్చాయి. 1974లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ వచ్చాక చిన్న కారంటే హ్యాచ్‌బ్యాకే అనే పరిస్థితి. మనదగ్గర అంబాసిడర్‌కీ ప్రీమియర్ పద్మినీకీ డిక్కీ విడి గదే. 1983లో మారుతి 800 వచ్చాక మధ్యతరగతి ఇంటికి ఆ గోడ లేని కారు దొరికింది.

ఆ గోడ లేకపోవడమే ఇక్కడ అసలు సంగతి. డిక్కీ విడిగా ఉన్నన్నాళ్లూ అది తెరుచుకుంటే సామాన్లు పడతాయి. హ్యాచ్‌బ్యాక్‌లో మనిషికీ రోడ్డుకీ మధ్య ఉన్నది వెనక సీటూ ఆ ఒక్క తలుపూ. ఆ సీటు మడిస్తేనో, వెనక ఇంకో వరస సీట్లు వేస్తేనో ఇక తలుపొక్కటే.

1950లలో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రమాదాలని వరసపెట్టి పరిశీలించి, తలుపు తెరుచుకుని బయటికి పడిపోయినవాళ్లకే చావు ముప్పు బాగా ఎక్కువని తేల్చారు. కంపెనీలు 1956 మోడళ్ల నుంచి గట్టి లాచ్‌లు పెట్టడం మొదలెట్టాయి. 1966లో వాహన భద్రతా చట్టం వచ్చింది. 1968 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్లో తలుపు లాచ్ ఎంత బలాన్ని తట్టుకోవాలో రాశారు. పూర్తిగా పడ్డ లాచ్ 11,000 న్యూటన్లకి ఆగాలి. అంటే సుమారు 1,100 కిలోల బరువు వేలాడదీసినంత.

కానీ ఆ రూలు పక్క తలుపులకే! వెనక తలుపుని వదిలేశారు. సామాన్ల తలుపే కదా అని.

ఆ "కదా" ఖరీదు తర్వాత తెలిసింది. 1984 మోడల్‌గా క్రిస్లర్ మినీవ్యాన్లు తెచ్చింది. అవి పిల్లలున్న కుటుంబాల బండ్లు. వెనక వరస సీటు తలుపుకి దగ్గరగా ఉండేది. ప్రమాదాల్లో వెనక తలుపు లాచ్ ఊడి లోపలివాళ్లు బయటపడుతున్నారని ఫిర్యాదులొచ్చాయి, ప్రభుత్వం దర్యాప్తు చేసింది. అది లోపమని కంపెనీ ఒప్పుకోలేదు కానీ, 1995లో సుమారు 40 లక్షల బండ్లకి ఉచితంగా లాచ్‌లు మారుస్తామంది. అదే ఏడాది నిబంధనని వెనక తలుపులకీ విస్తరించారు. అమలు 1997 సెప్టెంబరు నుంచి. అంటే డిక్కీ కూడా తలుపేనని చట్టం గుర్తించడానికి దాదాపు 30 ఏళ్లు పట్టింది.

ఇది చదువుతుంటే నా చిన్నప్పటి స్కూలు వ్యాను గుర్తొచ్చింది. వెనక సామాన్ల చోట ఎదురెదురుగా రెండు బల్లలు, మేం ఆరుగురం, పక్కనే డిక్కీ తలుపు. దానికి ఆనుకుని కూర్చోవడానికి కొట్టుకునేవాళ్లం కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

సరే, షెడ్డుకి తిరిగొద్దాం. పెద్దాయన ముందు డిక్కీని ముట్టుకోలేదు. చైను కట్టి వెనక ప్యానెల్‌ని కొంచెం కొంచెంగా గుంజుతూ, గుంజినప్పుడల్లా పురికొసతో కొలిచాడు. రెండు ఐమూలలూ సమానమయ్యాక కొక్కెం పూర్తిగా ఊడదీశాడు. అది ఉంటే డిక్కీని తనవైపు లాగేసుకుంటుంది, అసలు వంకర కనబడదట. తర్వాత పైన కబ్జాల బోల్టులు వదులుచేసి రెండువైపులా సందు సమానం చేశాడు. ఆ తర్వాతే కొక్కెం, చిట్టచివర మూలల్లో ఉండే రబ్బరు బుడిపెలు. తలుపు అదరకుండా ఆపేవి అవే. గ్యాస్ రాడ్లది ఎత్తి పట్టుకునే పని మాత్రమే, వాటితో వంకర తీయలేం. ఆఖర్న బీడింగ్ చుట్టూ కాయితం ముక్క పెట్టి డిక్కీ వేసి లాగి చూశాడు. ఎక్కడ సులువుగా ఊడొస్తే అక్కడినుంచి నీళ్లొస్తాయి.

నీళ్లే కాదు. కారు నడుస్తుంటే దాని వెనక గాలి ఒత్తిడి తగ్గి, సైలెన్సర్ పొగ అక్కడే సుడి తిరుగుతుంది. సందుంటే లోపలికొచ్చేది అదే. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. వెనక సీట్లో మా అక్క కూతురు నిద్రపోతూ ప్రయాణించిన ఆ పది రోజులూ నేను స్టెప్నీ గుంటలో నీళ్ల గురించే బాధపడ్డాను.

అన్నీ అయ్యాక డిక్కీ మెల్లిగా వదిలాడు. 'టక్'మంది. అరచేత్తో కాస్త నొక్కాడు. ఇంకో 'టక్'.

"గిది ఇనబడాలె సార్" అన్నాడు.

మొదటి టక్‌కి డిక్కీ పడినట్టే కనిపిస్తుంది, కానీ అది సగమే. రెండోది వినబడితేనే లాచ్ పూర్తిగా పట్టుకున్నట్టు. మీ బండికీ ఎప్పుడైనా వెనక చిన్న దెబ్బ తగిలితే, పెయింటు సంగతి తర్వాత. ముందు రెండో టక్ వినండి.