చూపుతో మందను కాసిన కుక్క

బార్డర్ కోలీని ఇంట్లో పెంచుకున్నవాళ్ల ఫిర్యాదు సాధారణంగా ఒకటే: దీనికి కుదురు లేదు. సైకిళ్ల వెంట పడుతుంది, పరుగులు తీసే పిల్లల్ని చుట్టుముట్టి ఒక మూలకు చేరుస్తుంది. అదంతా పొగరనో, పెంపకంలో లోపమనో అనుకుంటారు. ఈ జాతి పుట్టిన చోటునీ, దాన్ని ఎంచి పెంచిన తీరునీ చూస్తే మాత్రం, అది పని కోసమే తయారై పని దొరక్క అల్లాడుతున్న కుక్క అని అర్థమవుతుంది.

ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దులోని కొండలు గొర్రెల సీమ. మందలు దూరదూరంగా చెదిరి మేస్తాయి, కాపరులు కొద్దిమందే. స్వయంగా గొర్రెలు కాసిన స్కాటిష్ రచయిత జేమ్స్ హాగ్ 19వ శతాబ్దపు తొలి భాగంలోనే లెక్కగట్టి చెప్పాడు, కుక్కలే లేకపోతే మంద మీద వచ్చే రాబడి మనుషుల కూలికే చాలదని. అలాంటి చోట కాపరి రంగు చూడడు, చెవుల తీరు చూడడు. పని చేసిన కుక్కకే జత కట్టిస్తాడు. ఇప్పటికీ మందల దగ్గర నిక్కిన చెవులవీ, వాలిన చెవులవీ, పొట్టి బొచ్చువీ, పొడుగు బొచ్చువీ కనిపించడానికి కారణం ఇదే. 1873 అక్టోబర్ 9న వేల్స్‌లోని బాలాలో జరిగిన గొర్రెల కుక్కల పోటీలోనూ తూచింది పనితనాన్నే. 1893లో నార్తంబర్లండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే పెంపకందారు దగ్గర హెంప్ అనే మగకుక్క పుట్టింది. తండ్రి రాయ్ కలుపుగోలుది, తల్లి మెగ్ బిడియస్తురాలు, చూపు మాత్రం మహా పదును. హెంప్ మొరగకుండా, కరవకుండా మందను నడిపేది. 1901లో చనిపోయేనాటికి 200కు పైగా పిల్లలకు తండ్రి అయింది. నేటి బార్డర్ కోలీల వంశాలు దాని దాకా వెళ్తాయి.

ఆ చూపే ఈ జాతికి ప్రాణం. తల భుజాల కిందికి దించి, ఒక ముందుకాలు గాలిలోనే ఆపి, గొర్రె వెనుదిరిగే దాకా రెప్ప వాల్చదు. తోడేలు వేటలో చూడడం, పొంచడం, తరమడం, కరవడం వరుసగా వస్తాయి. కాపరులు మొదటి మూడింటినీ పెంచి, చివరిదాన్ని అణిచారు.

బాగా పరిగెత్తిస్తే సరిపోదా అంటారు. సరిపోదు. రోజూ పరిగెత్తే కుక్కకు దమ్ము పెరుగుతుంది, కుదురు రాదు. గంటలకొద్దీ బంతి విసిరితే తరమడం ఒక్కటే అలవాటవుతుంది. మంద దగ్గర సగం పని ఆగడమే: ఈల వినగానే, ఎంత వేగంలో ఉన్నా, నేలకు కరుచుకోవాలి. అందుకే ఇంట్లోనూ ఆగడం, వాసన పట్టి వెతకడం, పిలిస్తే తిరిగి రావడం, ఊరికే పడుకోవడం నేర్పాలి. బొచ్చు దువ్వడం దీని ముందు చిన్న పని.

కాలం మారింది, ఇంటికి తగ్గట్టు జాతినే మార్చుకోవచ్చు కదా అనేది బలమైన అభ్యంతరమే. 1976లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్, 1995లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీన్ని ప్రదర్శన జాతుల్లో చేర్చుకున్నాయి. 1995లో మందల కుక్కల పెంపకందార్లు గట్టిగా ఎదిరించారు. నాకు వాళ్ల భయం సబబే అనిపిస్తుంది. రూపాన్ని చూసి ఎంచితే ముందు పోయేది పనితనం. దానితోపాటు చురుకూ తగ్గుతుందన్న హామీ లేదు, అప్పుడు మిగిలేది దారీతెన్నూ లేని పరుగు. 1906లో మొదలైన అంతర్జాతీయ గొర్రెల కుక్కల సంఘం మాత్రం పాత కొలతను వదలలేదు. వంశపత్రాలు లేని కుక్క అయినా సరే, పరీక్షకుల ఎదుట గొర్రెలను నడిపి చూపి, కంటి పరీక్షలో నెగ్గితే ఆ సంఘం పుస్తకంలోకి ఎక్కే దారి ఇంకా తెరిచే ఉంది.