బెలిజు స్వాతంత్ర్యము



మధ్య అమెరికాలో, కరీబియన్ సముద్రతీరమున బెలిజు అను చిన్నదేశము కలదు. ఆఫ్రికా బానిసలచే కలప కొట్టించుచు ఆంగ్లేయులచ్చట స్థిరపడగా, 1862లో ఆ సీమ బ్రిటిషు హోండురాసను వలసరాజ్యమయ్యెను.

అంతకు మూడేండ్లు ముందు, 1859లో, పొరుగుననున్న గ్వాటెమాలాతో బ్రిటను సంధి చేసికొని పొలిమేరలు వ్రాసికొనెను. గ్వాటెమాలా నగరమునుండి సముద్రతీరమునకు బాట యేర్పరచుటకు ఉభయులును పాటుపడవలెనని అందలి యేడవ షరతు. బాట పడలేదు. బ్రిటను 50,000 పౌనులిచ్చునట్లు 1863లో వ్రాసికొన్న ఒడంబడికయు స్థిరపడలేదు. షరతు చెల్లలేదు గనుక సంధియు చెల్లదు, భూమి మాదేయని గ్వాటెమాలా వాదము. గట్టు తగవులెరిగిన మీకీ వాదము క్రొత్త గాదు.

మఱి ఆ భూమిపై బ్రతుకువారి మాట యేమి? 1950లో జార్జి ప్రైసు మొదలగువారు ఐక్య ప్రజాపక్షమును స్థాపించిరి. 1964లో స్వపరిపాలన లభించెను. కాని బ్రిటిషు సేన తొలగినచో పొరుగుసేన వచ్చునను భయముచే స్వాతంత్ర్యము 17 ఏండ్లు ఆగెను. ప్రైసు ప్రభుత్వము తన మొఱను దేశదేశములకు వినిపించెను. 1980 నవంబరున ఐక్యరాజ్యసమితిలో 139 దేశములు బెలిజు పక్షమున నిలిచెను. ఎదురు వోటొక్కటియు లేదు. గ్వాటెమాలా వోటు వేయదయ్యెను. 1981 సెప్టెంబరు 21వ తేదీన బెలిజు స్వతంత్రమయ్యెను. బ్రిటిషు సేన కొంతకాలము కావలియుండెను.

గ్వాటెమాలా 1991లో ఆ స్వాతంత్ర్యమును గుర్తించియు భూమిపై హక్కు విడువలేదు. 2018లో గ్వాటెమాలా ప్రజలు, 2019లో బెలిజు ప్రజలు వోట్లు వేసి తగవును హేగు నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానమునకు అప్పగించిరి.

పత్రమున ఒక్క షరతు తేలకున్నచో మునిమనుమల కాలమునకును తగవు తీరదు. అయినను కత్తి విడిచి న్యాయస్థానమునకు పోవుట ఉభయులకును గౌరవమే.