పెళ్లికూతురికి పోలీసు కాగితం: నూట యాభై ఏళ్ల కథ

నెలవారీ సమావేశం ముగిశాక టీ తాగుతూ మనం మాట్లాడుకునే విషయాలలో డి.ఎ. బకాయిల తర్వాతి స్థానం పిల్లల వీసాలదే. ఇటీవల ఒక మిత్రుడు తన కుమార్తె వీసా ఫైలు తెచ్చి నా ముందు పెట్టారు. అల్లుడు అమెరికా పౌరుడు. పెళ్లయి ఏడు నెలలయింది, అమ్మాయి ఇంకా ఇక్కడే ఉంది. ఫైలులో పుట్టిన తేదీ పత్రం, వివాహ ధృవపత్రం, ఫోటోలు, వాటి నడుమ పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ ఉన్నాయి. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఏమండీ, మా అమ్మాయి మీద కేసులు లేవని మనం కాగితం ఇస్తున్నాం గదా, మరి అబ్బాయి మీద లేవని మనకెవరు ఇస్తారు?"

ఆ ప్రశ్నకు నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. సర్వీసులో ఉన్నన్నాళ్లూ కాగితాలతోనే బతికినవాణ్ణి కాబట్టి ఈ కాగితం ఎక్కడ పుట్టిందో చూద్దామని కూర్చున్నాను. చూస్తే, దీని మూలం దొంగల దగ్గర కాదు, ఆడవారి దగ్గర ఉంది.

1875 మార్చి 3న అమెరికాలో పేజ్ చట్టం వచ్చింది. ఆ దేశంలోకి ఎవరు రాకూడదో చెప్పిన తొలి కేంద్ర చట్టాలలో అది ఒకటి. శిక్ష పడిన నేరస్థులు రాకూడదన్నది, వ్యభిచారం కోసం తీసుకువచ్చే స్త్రీలూ రాకూడదన్నది. కాగితం మీద చూస్తే తప్పుపట్టేదేమీ లేదు. అమలులో జరిగింది వేరు. చైనా నుంచి ఓడలు బయలుదేరే హాంగ్‌కాంగ్‌లో అమెరికా కాన్సల్ ఒక్కొక్క స్త్రీని నిలబెట్టి ప్రశ్నించి, ఆమె నడవడి మంచిదని తాను నమ్మితేనే ఓడ ఎక్కనిచ్చేవాడు. ఆమె ఫోటో ముందుగా శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లేది, అక్కడ దిగాక ముఖంతో పోల్చి చూసేవారు. భర్త దగ్గరకు వెళుతున్న ఇల్లాలికీ ఇదే పరీక్ష. ఆమెను పిలిపించుకుంటున్న మగవాణ్ణి మాత్రం ఇలా నిలబెట్టి అడిగినవారు లేరు.

1882లో ఇంకొక చట్టం వచ్చి నేరస్థులతో పాటు మతి స్థిమితం లేనివారిని, తమను తాము పోషించుకోలేనివారిని కూడా నిషేధించింది. 1917 నాటి చట్టం ఆసియా ఖండంలో చాలా భాగం చుట్టూ గీత గీసి, ఆ గీత లోపలివారు వలస రాకూడదన్నది. మన దేశం ఆ గీత లోపలే ఉంది. విద్యార్థులకు, మరికొన్ని వృత్తులవారికి సడలింపు ఉండేది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది.

మనకు కావలసిన అసలు వాక్యం 1924 చట్టంలో ఉంది. వలస వీసా కోరేవారు తమ గురించి తమ ప్రభుత్వం దగ్గర ఉన్న రికార్డు, జైలు రికార్డు, సైనిక రికార్డు, జనన పత్రం, దొరికినంత మేరకు రెండేసి ప్రతులు దరఖాస్తుతో ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. రెండేసి ప్రతులట! ఆఫీసు పద్ధతి ఏ దేశంలోనైనా ఒకటే సుమా. అయితే మన ఆడపడుచులకు ఆ కాగితాలు పోగుచేసే అవకాశం కూడా లేదు. పౌరసత్వానికి అర్హత లేని జాతులవారు వలస రాకూడదని అదే చట్టం తలుపు వేసేసింది. 1925లో చాంగ్ చాన్ కేసులో, అమెరికా పౌరుల చైనీయ భార్యలకు కూడా ప్రవేశం లేదని ఆ సుప్రీంకోర్టే చెప్పింది. పౌరుడి భార్య అన్న మాట కూడా వారికి పనికిరాలేదు.

మన తెలుగువారికి ఆ కాలం అనగానే గుర్తుకు వచ్చేది ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో మామగారి సాయంతో అమెరికా వెళ్లారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూశారు. భార్య ఆయన దగ్గరకు ఎన్నడూ వెళ్లలేదు, ఆయన తిరిగి రాలేదు. దానికి చట్టం ఒక్కటే కారణమని నేననను. డబ్బు, పరిశోధన, ఇంటి పరిస్థితులు అన్నీ ఉన్నాయి. కానీ ఆ పాతికేళ్లు భారతీయ దంపతులకు ఎటువంటి కాలమో తలుచుకోవడానికి ఈ ఒక్క కుటుంబం చాలు.

1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చి భారతీయులకు పౌరసత్వపు అర్హత, ఏడాదికి వందమంది కోటా ఇచ్చింది. దేశం మొత్తానికి వందమంది! 1952 చట్టం ఇప్పటి వీసా పద్ధతికి పునాది. 1924లో "దొరికితే ఇవ్వండి" అన్న రికార్డుల స్థానంలో, "మా రికార్డుల ప్రకారం ఈ మనిషి గురించి ఇది" అని తగిన పోలీసు అధికారి రాసిచ్చే ధృవీకరణను ఆ చట్టం స్పష్టంగా కోరింది. మిత్రుడి ఫైలులోని కాగితం పుట్టింది అక్కడ. 1965లో దేశాలవారీ పాత కోటాలు పోయాయి. అమెరికా పౌరుల భార్యాభర్తలకు సంఖ్యా పరిమితి ఉండదన్నారు. గ్రీన్ కార్డు ఉన్నవారి భార్యలకు మాత్రం వరుస తప్పలేదు.

ఇక మన వైపు సంగతి. కోస్తా, రాయలసీమ జిల్లాలలో పోలీసు వ్యవస్థ 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టంతో ఏర్పడింది. స్టేషన్లలో రికార్డులు పెరిగాయి గానీ, ఒక మనిషిని ఇంకొకరితో పొరబడకుండా గుర్తుపట్టడం ఎలా? ఆ చిక్కు విప్పింది మన దేశంలోనే. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి రాజ్యధర్ కోనాయి అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. ముద్రలను వర్గీకరించే పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు వచ్చింది గానీ, దాని వెనుక శ్రమించినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మన పోలీసు ఉద్యోగులు. పై అధికారి పేరుతో ఫైలు వెళ్లడం మనకు కొత్త కాదు లెండి.

మిత్రుడి కుమార్తె ఈ వేలిముద్రల దగ్గరే చిక్కుకుంది. పెళ్లికి ముందు ఆమె సింగపూర్‌లో పద్నాలుగు నెలలు ఉద్యోగం చేసింది. నియమం ఏమిటంటే, పదహారేళ్లు నిండినవారు స్వదేశంలోనూ ఇప్పుడుంటున్న దేశంలోనూ ఆరు నెలలకు మించి ఉంటే అక్కడి పోలీసు కాగితం కావాలి. పూర్వం ఇంకెక్కడైనా ఏడాది పైన ఉంటే అక్కడిదీ కావాలి. ఎక్కడైనా అరెస్టయి ఉంటే, ఎన్నాళ్లున్నా సరే, అక్కడిది కావాలి. సింగపూర్ పోలీసులు పది వేళ్ల ముద్రలు అడిగారు. ఇక్కడ ఒక స్టేషనులో వేయించిన ముద్రలు సిరా అలుక్కుపోయి తిరిగివచ్చాయి, మళ్లీ వేయించారు. రెండు నెలలు అలా గడిచాయి.

భారతీయ పత్రం సులువుగానే వచ్చింది. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో దరఖాస్తు, 500 రూపాయల రుసుము, పోలీసు విచారణ. 2022 సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసులలోని పాస్‌పోర్టు కేంద్రాలలో కూడా ఈ దరఖాస్తు తీసుకుంటున్నారు. విచారణకు కానిస్టేబులు వచ్చిన రోజున వాళ్ల వీధిలో మాత్రం గుసగుసలు బయలుదేరాయి. "కొత్త పెళ్లికూతురి ఇంటికి పోలీసులెందుకమ్మా" అని పక్కింటావిడ వచ్చి అడిగిందట. గడపలోకి పోలీసు రావడాన్ని తప్పుగా చూసే అలవాటు మనకింకా పోలేదు. ఒక జాగ్రత్త చెప్పాలి. పుట్టింటి పేరు, అత్తింటి పేరు, పాస్‌పోర్టులో పేరు మూడూ మూడు రకాలుగా ఉంటే ముందే సరిచూసుకోండి. చిరునామా కూడా అంతే. మనవాళ్ల కాగితాలు ఆగిపోయేది ఎక్కువగా ఇంటిపేరు దగ్గరే.

ఇప్పుడు ఆయన ప్రశ్నకు వద్దాం. పిలిపించుకునే భర్త అమెరికాలో ఉంటాడు, ఆయన పోలీసు సర్టిఫికెట్ ఇవ్వనక్కరలేదు. అక్కడి శాఖ తన లెక్కలో తాను ఏదో చూసుకుంటుంది గానీ ఆ వివరం సాధారణంగా పెళ్లికూతురికి చేరదు. 1875 నుంచి దాదాపు నూట ముప్పయి ఏళ్లు చట్టం చూపు వచ్చేవారి మీదనే ఉంది. 2006 జనవరిలో సంతకమైన చట్టం ఒకటి, కాబోయే భార్యను ప్రత్యేక వీసా మీద రప్పించుకునే పౌరుడు కొన్ని హింసాత్మక నేరాలకు శిక్ష పడి ఉంటే ఆ వివరాలు ఇవ్వాలని, వాటిని ఆమెకు తెలియజేయాలని చెప్పింది. అదే ఏడాది జూలైలో వచ్చిన ఆడమ్ వాల్ష్ చట్టం, పిల్లల పట్ల కొన్ని నేరాలు చేసి శిక్ష పడినవారు, ప్రభుత్వం ప్రమాదం లేదని తేల్చితే తప్ప, కుటుంబ సభ్యులకు దరఖాస్తు పెట్టకుండా చేసింది. అంతవరకే. మామూలుగా పెళ్లి చేసుకుని భార్యకు దరఖాస్తు పెట్టే వరుడి సంగతి ఆడపిల్ల తండ్రి తానే కనుక్కోవాలి.

కనుక్కునే దారి ఒకటుంది. అమెరికాలో ఎఫ్.బి.ఐ. వేలిముద్రల విభాగం 1924లో, అంటే రెండు ప్రతులు కోరిన ఆ చట్టం వచ్చిన ఏడాదిలోనే, ఎనిమిది లక్షల పైచిలుకు ముద్రలతో మొదలయింది. ఈనాడు ఎవరైనా తన ముద్రలిచ్చి, 18 డాలర్లు కట్టి, తన రికార్డు తానే తెప్పించుకోవచ్చు. ఇతరులది తెప్పించలేం. అబ్బాయే తెప్పించి చూపించాలి. అందులో అన్నీ ఉంటాయని కాదు, ముద్రలు చేరిన కేసులే ఉంటాయి.

ఈ సంగతి నేను మిత్రుడికి చెప్పాను. ఆయన మూడు రోజులు తటపటాయించారు. పెళ్లయిపోయాక అల్లుణ్ణి ఎలా అడుగుతామని, వియ్యపురాలు ఏమనుకుంటారోనని. చివరికి అమ్మాయే ఫోనులో అడిగింది. "నీ కోసం నేను రెండు దేశాల పోలీసుల దగ్గర ముద్రలు వేశాను, నువ్వు ఒక్కచోట వెయ్యి" అన్నదట. అల్లుడు నవ్వి ఒప్పుకున్నాడు. నెల తిరక్కుండానే రికార్డు ఏమీ లేదన్న కాగితం వచ్చింది. వియ్యపురాలు మాత్రం పది రోజులు మాట్లాడలేదు.

ముంబయి ఇంటర్వ్యూకు బయలుదేరేటప్పుడు అమ్మాయి ఆ కాగితాన్ని కూడా ఫైలులో పెట్టుకుంది. ఎవరూ అడగలేదు. అయినా తిరిగి తెచ్చి, తన రెండు సర్టిఫికెట్ల పక్కనే వివాహ పత్రంతో కలిపి బీరువాలో దాచమని తల్లికి ఇచ్చింది.