కుండీ కింది నేల

బోన్సాయ్‌ని మనం మరుగుజ్జు చెట్టు అంటాం. కాస్త గౌరవంగా అనాలనిపిస్తే వామన వృక్షం. రెండు పేర్లూ దాని ఎత్తు గురించే. జపాన్ వాళ్ళ మాటలో ఎత్తు ప్రసక్తి లేదు. 'బోన్' అంటే లోతు తక్కువ పళ్ళెం, 'సాయ్' అంటే నాటడం. విద్య అసలు చైనాది. 706 నాటి ఒక తాంగ్ యువరాజు సమాధి గోడ మీద, చిన్న చెట్లు నాటిన పళ్ళెం పట్టుకుని నడుస్తున్న పరిచారకుల బొమ్మ ఉంది.

ఈ ప్రాచీనత గురించి పుస్తకాల్లో బోలెడంత దొరుకుతుంది. నన్ను పట్టుకున్నది మాత్రం వందేళ్ళ కిందటి సంగతి. జపాన్‌లో బోన్సాయ్‌కి రాజధాని అనదగ్గ ఊరు, మహానగరంలో చెట్లకు చోటు చాలక, నగరం అంచున పుట్టింది. నా కాపురం మేడ్చల్‌లో. షామీర్‌పేట వైపు నర్సరీల చుట్టూ ఆదివారాలు తిరగడం అలవాటు. అందుకే ఆ కథ పక్కూరి కథలా అనిపించింది.

టోక్యోలో ఒకప్పుడు తోటమాలుల పేట దాంగోజాకా ప్రాంతం. 1923 సెప్టెంబరు 1న వచ్చిన కాంతో భూకంపంలో, దాని వెంట లేచిన మంటల్లో నగరం చాలావరకు నాశనమైంది. మళ్ళీ కట్టుకున్న టోక్యోలో చెట్లకు కావలసిన చోటు, మంచి నీళ్ళు, శుభ్రమైన గాలి కరువయ్యాయి. బోన్సాయ్ పెంపకందార్లు కొందరు ఉత్తరాన సుమారు 30 కి.మీ. దూరంలో, ఒమియా దగ్గర చెట్లున్న నేల చూసుకుని 1925 నుంచి కుండీలతో సహా అక్కడికి చేరారు.

1928లో ఊరివాళ్ళు నాలుగు కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఇక్కడ ఉండాలంటే కనీసం 10 బోన్సాయ్‌లుండాలి. ఎవరొచ్చినా చూసేలా తలుపు తెరిచి ఉంచాలి. రెండంతస్తుల ఇల్లు కట్టకూడదు. ప్రహరీగోడ బదులు మొక్కల కంచె ఉండాలి. బోన్సాయ్ తత్వం మీద నేను చదివిన వ్యాసాలన్నిటికన్నా ఈ నాలుగు వాక్యాలు నాకు నచ్చాయి. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ బైలాస్ లాంటి పొడి మాటల్లోనే, ఎండ ఎవరికి, చూసే హక్కు ఎవరికి, నేల దేనికి అన్నవి తేల్చేసుకున్నారు.

ఒక ఫిబ్రవరిలో ఆఫీసు పని మీద టోక్యో వెళ్ళినప్పుడు ఒమియా చూశాను. తోరో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు. వీధులకు మేపుల్ వీధి, చెర్రీ వీధి అని చెట్ల పేర్లు. తోటల్లో చాలాచోట్ల ఫోటోలు తియ్యనివ్వరు. ఫోన్ జేబులోకి వెళ్ళాక కళ్ళకు పని పెరిగింది. ఎక్కువసేపు నిలబడింది చెట్ల మొదళ్ళ దగ్గర. మట్టి పైకి తేలి నలువైపులా పాకే వేళ్ళను వాళ్ళు నెబారి అంటారు. కొమ్మకు తీగ చుట్టి కొన్ని నెలల్లో వంచొచ్చు. మంచి నెబారికి మాత్రం ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది.

అదే నెలలో ఉయేనోలోని ఆర్ట్ మ్యూజియంలో కొకుఫూ ప్రదర్శన. 1934లో మొదలైన ఈ ప్రదర్శనే బోన్సాయ్‌ని చిత్రాల, శిల్పాల సరసన కూర్చోబెట్టింది. రచయిత పేరు చూసి పుస్తకం కొనేవాణ్ణి కాబట్టి అక్కడ ఒకటి వింతగా తోచింది. చెట్టును ప్రదర్శనకు పెట్టేది దాని యజమాని, పేరూ ఆయనదే. కొండ మీంచి తెచ్చినవాడు, తీగ చుట్టినవాడు, మధ్యలో తరాల తరబడి నీళ్ళు పోసినవాళ్ళు ఎవరూ కనపడరు. కమిట్ హిస్టరీ చెరిపేసిన కోడ్‌బేస్ లాంటిది.

ఆ హిస్టరీ ఒక్కోసారి అనుకోకుండా బయటపడుతుంది. 1976లో అమెరికా ద్విశతాబ్దికి జపాన్ కానుకగా పంపిన 53 బోన్సాయ్‌లలో ఒక తెల్ల పైన్ ఉంది. వాషింగ్టన్ నేషనల్ ఆర్బోరీటంలో ఇప్పటికీ చూడొచ్చు. 1625 నుంచి కుండీలో పెరుగుతోందని లెక్క. ఇచ్చినవాడు హిరోషిమాకు చెందిన మసారు యమాకీ. అణుబాంబు పడ్డ చోటికి సుమారు 3 కి.మీ. దూరంలో, వాళ్ళింటి గోడ చాటున ఉండి బతికిన చెట్టు అది. 2001లో ఆయన మనవళ్ళు దాన్ని చూడ్డానికి వచ్చి చెప్పేదాకా అక్కడివాళ్ళకు ఆ సంగతి తెలీదు.

ఒమియాకి యుద్ధం ఇంకో రకంగా తగిలింది. బోన్సాయ్ విలాసం అనిపించుకుంది, తోటలు మూతపడ్డాయి. ఒకప్పుడు 30 దాకా ఉన్న తోటలు ఇప్పుడు అర డజను. అయినా ఊరు నిలిచింది. 1989లో మొదటి ప్రపంచ బోన్సాయ్ సమావేశం అక్కడే జరిగింది. 2010లో సైతామా నగరం ప్రజల డబ్బుతో అక్కడ బోన్సాయ్ మ్యూజియం తెరిచింది.

ఇక మన అంచు. 158 కి.మీ. ఔటర్ రింగ్ రోడ్డులో చివరగా, 2018లో పూర్తయిన ముక్క మేడ్చల్ పక్కన కండ్లకోయ దగ్గరిది. రోడ్డు వెంట విల్లాలు, విల్లాల వెంట నర్సరీలు వచ్చాయి. వాటిల్లో బోన్సాయ్ అని చూపించేది ఎక్కువగా ఉబ్బిన వేళ్ళ జిన్సెంగ్ ఫైకస్. చైనాలో పొలాల్లో పెంచి, పైభాగం కోసి, చిన్నాకుల రకం అంటుకట్టి పంపే సరుకు. చూడ్డానికి బావుంటుంది, త్వరగా చావదు. మీరే ఏ చింతనో జువ్వినో పళ్ళెంలో పెంచొచ్చు కదండీ అని షామీర్‌పేట దారిలో ఒక నర్సరీ ఆయన్ని అడిగాను. కడియం నుంచి వచ్చినాయన. "పెంచొచ్చండీ, పదేళ్ళు పడద్ది. ఈ జాగా మాకు పదకొండు నెలల అగ్రిమెంటేనండీ" అన్నాడు.

మన దగ్గర పాత బోన్సాయ్‌లు అరుదు కావడానికి ఎండలు కారణమంటారు. జపాన్ పైన్‌కి మన ఎండలు పడవు, నిజమే. కానీ షామీర్‌పేట చుట్టుపక్కల గ్రానైట్ బండల పగుళ్ళలో, పాత గోడల్లో రావి, జువ్వి ఎవరూ నీళ్ళు పొయ్యకుండానే గిడసబారి, రాతిని వేళ్ళతో పట్టుకుని నిలబడి ఉంటాయి. కొండల్లో అలాంటి చెట్లు వెతికి తెచ్చుకోవడాన్ని జపాన్‌లో యామాదోరి అంటారు. మనకు చెట్టూ ఉంది, చెయ్యగల చేతులూ ఉన్నాయి. లేనిది కుండీ కింద గడువులేని నేల. తెలుగు భక్తులు ఎక్కువగా వెళ్ళే మైసూరు దత్త పీఠంలో పెద్ద బోన్సాయ్ తోట ఉంది. 2016లో 2,649 బోన్సాయ్‌ల ప్రదర్శనతో గిన్నిస్‌కెక్కింది. ఆశ్రమానికి పదకొండు నెలల అగ్రిమెంటు బెడద లేదు.

అందరం ఆశ్రమాలు కట్టలేం. కానీ ప్రతి లేఅవుట్‌లోనూ పార్కుకని కొంత జాగా వదులుతారు. అందులో ఒక మూల నాలుగు బెంచీలు, ఒక నీళ్ళ కొళాయి, ఎవరొచ్చినా తెరిచి ఉంచే గేటు చాలు. ఇరవయ్యేళ్ళ తర్వాత అక్కడొక జువ్వి, దాని పక్కన చిన్న పలక మీద ఇన్నాళ్ళూ నీళ్ళు పోసిన వాళ్ళందరి పేర్లు ఉండాలి.